రంగు కలిపించి స్ప్రే కొట్టడం: కోనసీమ ఇళ్లలోని చిన్న సామాను

ఇంట్లో వాడే వస్తువులో ఏదో చిన్న భాగం విరిగి కొత్తది వేయాల్సి వస్తుంది. లేదా పాత భాగమే పెచ్చులూడి వెలిసిపోతుంది. అలాంటప్పుడు పక్కనున్న భాగం రంగునే ప్రత్యేకంగా కలిపించి, ఆ ముక్క ఒక్కదానికి స్ప్రేతో పూత పూయిస్తారు. ఫ్యాను రెక్క, ఫ్రిజ్ పిడి, బీరువా హ్యాండిల్, కిటికీ గడియ, కుట్టుమిషను చక్రం, వాషింగ్ మెషీన్ మూత, ఏసీ జాలీ, గేటు కొక్కెం వంటివన్నీ ఈ పని కిందికి వస్తాయి. గోడలకు రంగు వేసేవారిది వేరే వృత్తి, కార్లకు పెయింటు కొట్టేవారిది వేరే వృత్తి. ఈ పని రెండింటి నుంచీ సరుకు అరువు తెచ్చుకుంటుంది. దీనికంటూ దుకాణం గానీ పేరు గానీ ఇంకా స్థిరపడలేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో దీన్ని ‘రంగు కలిపించి కొట్టించడం’ అంటే అందరికీ తెలుస్తుంది.

రంగు కుదిరిందా లేదా అన్నది డబ్బా మీది నంబరును బట్టి చెప్పలేం. ఆ ముక్క ఏ భాగం పక్కన కూర్చుంటుంది, ఆ గదిలో వెలుతురు ఎలాంటిది, పూత ఏ తేమలో ఆరింది, ఆరు నెలల తరవాత ఎలా మారుతుంది అన్నవి చూసుకోవాలి. కోనసీమలో ఈ నాలుగూ చిక్కు ప్రశ్నలే.

గిరాకీ ఎక్కడిది

2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి జిల్లా నుంచి విడిపోయి, అమలాపురం కేంద్రంగా ఏర్పడిన కోనసీమ జిల్లా గోదావరి పాయల మధ్యనున్న డెల్టా నేల. గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయలు దీన్ని చుట్టుకుని, చీల్చుకుని సముద్రంలో కలుస్తాయి. అంతర్వేది, ఓడలరేవు వంటి తీర గ్రామాల్లో ఇనుప సామాను ఎక్కువకాలం నిలవదు. సముద్రపు గాలిలోని ఉప్పు, అంటే క్లోరైడు, ఇనుము మీద పలచని తడి పొరలో కరిగి తుప్పును తొందరపెడుతుంది. పూతకు సన్నని గీత పడితే చాలు, అక్కడ మొదలైన తుప్పు పూత అడుగునే పాకిపోతుంది. పైకి రంగు బాగానే కనిపిస్తుంది, గోరుతో నొక్కితే పెచ్చు ఊడి వస్తుంది. లంక గ్రామాల ఇళ్లలోకి వరద నీరు వచ్చిపోయాక బీరువా కాళ్లు, ఇనుప మంచం కోళ్లు, ట్రంకు పెట్టె అడుగు ముందుగా దెబ్బతింటాయి. బీరువా మొత్తానికి రంగు వేయించే స్తోమత, అవసరం అందరికీ ఉండవు. కాళ్లవరకూ చేయిస్తే చాలనుకుంటారు. అక్కడే రంగు కలపాల్సిన పని మొదలవుతుంది.

గల్ఫ్‌కు వెళ్లి సంపాదించుకొచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఉన్న సీమ కావడం మరో కారణం. కార్గోలో వచ్చిన మిక్సీకి, ఇస్త్రీపెట్టెకు, ఫ్రిజ్‌కు విడిభాగాలు ఇక్కడ దొరకవు. దొరికిన భాగం వేరే కంపెనీది, వేరే రంగుది అయివుంటుంది. దాన్ని కుదిర్చి బిగించి, పైన రంగు కొట్టిస్తే పని జరిగిపోతుంది.

పేర్లు పోయి నంబర్లు రావడం

దుకాణంలో యంత్రం రాకముందు ఎనామిల్ పెయింటును పేరు చెప్పి కొనేవారు. పి.ఓ. రెడ్, ఫిరోజీ, బస్ గ్రీన్, స్మోక్ గ్రే, గోల్డెన్ బ్రౌన్, ఆక్స్‌ఫర్డ్ బ్లూ అంటే చాలు. ఏ కంపెనీ డబ్బా అయినా ఇంచుమించు ఆ రంగే ఉండేది. భారత ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 5 అనే రంగుల పట్టిక దీనికి ఆధారం. అందులో ఒక్కో రంగుకు మూడంకెల సంఖ్య ఉంటుంది. సిగ్నల్ రెడ్ 537, పోస్టాఫీసు ఎరుపు 538, గోల్డెన్ ఎల్లో 356. ఈ సంఖ్యలు చాలామటుకు బ్రిటిష్ ప్రమాణ పట్టిక నుంచి వచ్చినవే. పి.ఓ. రెడ్‌లోని ‘పి.ఓ.’ పోస్టాఫీసేనని రోజూ ఆ డబ్బాలు అమ్మేవారిలోనూ అందరికీ తెలియదు.

ప్రపంచంలో రంగుకు కొలత వెతకడం అంతకు ముందే మొదలైంది. అమెరికన్ చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో రంగును వర్ణం, ప్రకాశం, గాఢత అనే మూడు గుణాలుగా విడదీసి పుస్తకం రాశాడు. జర్మనీలో 1927లో 40 రంగులతో ఆర్‌ఏఎల్ పట్టిక మొదలైంది. 1931లో సీఐఈ అనే అంతర్జాతీయ సంస్థ మనిషి కంటిచూపును గణితంగా మార్చింది. 1976లో అదే సంస్థ తెచ్చిన ల్యాబ్ పద్ధతిలో రెండు రంగుల మధ్య తేడాను ‘డెల్టా ఈ’ అనే ఒకే అంకెతో చెప్పవచ్చు. అది 1 దగ్గర ఉంటే ఆరితేరిన కన్నే పట్టుకోగలదు. పక్కపక్కన పెట్టినప్పుడు 2, 3 దాటితే మామూలు మనిషికీ తెలిసిపోతుంది.

ఇంటి సామానుకు ఇందులో పనికొచ్చేవి కొన్నే. మన దేశంలో కరెంటు ప్యానెల్ పెట్టెలకు వాడే బూడిద రంగులు ఎక్కువగా ఆర్‌ఏఎల్ 7032, 7035. కాబట్టి మీటరు బోర్డు తలుపుకో, మోటారు స్టార్టర్ పెట్టెకో రంగు కావాలంటే నంబరు చెప్పి తెచ్చుకోవచ్చు. ఫ్యాన్లకు, ఫ్రిజ్‌లకు, మిక్సీలకు ఈ సదుపాయం లేదు. తయారీదారు వాడిన రంగు నంబరు వస్తువు మీద ఎక్కడా ఉండదు. కార్లది ఇంకో దారి. మారుతి సుజుకి సుపీరియర్ వైట్‌కు 26యు, సిల్కీ సిల్వర్‌కు జెడ్2ఎస్ వంటి సంకేతాలు బండి మీదే దొరుకుతాయి, ఆటో పెయింటు దుకాణాల్లో వాటి సూత్రాలూ ఉంటాయి. అందుకే చిన్న సామాను రంగు వెతుక్కునేవారు చివరికి కారు రంగుల దగ్గర ఆగుతారు. తెల్లటి ఫ్రిజ్ పిడికి దగ్గరగా ఉండే కారు తెలుపు ఏదో కనుక్కుని దానిలోంచి సవరించుకోవడం, సున్నా నుంచి కలపడం కన్నా సులువు.

యంత్రం, కన్ను

పెయింటు దుకాణంలోని టింటింగ్ యంత్రం తెల్లటి లేదా రంగులేని బేస్‌లోకి గాఢమైన రంగు ద్రవాలను లెక్కగా వదులుతుంది. మన దేశంలో ఈ యంత్రాలు 1990ల చివరి నుంచి పట్టణాలకు చేరాయి. 1942లో బొంబాయిలో పుట్టిన ఏషియన్ పెయింట్స్, అంతకన్నా పాతవైన షాలిమార్, నెరోలాక్ వంటి కంపెనీలు వీటి ద్వారానే వేల రకాల షేడ్‌లు అమ్మడం మొదలుపెట్టాయి. కొన్ని చోట్ల నమూనాను చదివే స్పెక్ట్రోఫోటోమీటరు కూడా ఉంటుంది. అది ముక్క మీద వెలుతురు వేసి, ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత వెలుతురు తిరిగొస్తోందో కొలిచి, దానికి దగ్గరి సూత్రాన్ని చెబుతుంది.

ఇక్కడ చిన్న సామానుకు పెద్ద అడ్డంకి ఉంది. ఆ పరికరం కన్ను పెట్టడానికి కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున చదునైన, శుభ్రమైన చోటు కావాలి. ఫ్యాను రెక్క మీద అది ఉంటుంది. రెగ్యులేటరు గుండ్రటి నాబ్ మీద ఉండదు. వంపు ఉన్నచోట వెలుతురు పక్కలకు జారిపోయి రంగు అసలుకన్నా ముదురుగా నమోదవుతుంది. గీతలు పడిన ముక్కను చదివిస్తే గీతల్లోని మురికినీ లెక్కలో కలుపుతుంది. సిల్వర్, గోల్డ్ వంటి లోహపు మెరుపు రంగులను ఒకే కోణంలో చదివితే సగం సంగతే తెలుస్తుంది. వాటికి అనేక కోణాల్లో చదివే పరికరాలు వేరే ఉన్నాయి, చిన్న పట్టణాల్లో అవి అరుదు.

అందుకే చివరి మాట ఇప్పటికీ పెయింటరు కంటిదే. డెంటింగు, పెయింటింగు షెడ్లలో పనిచేసేవారు ఐవరీ రంగును తెలుపులో పసుపు ఆక్సైడు, చిటికెడు ఎరుపు ఆక్సైడు, సూదిమొనంత నలుపు వేసి రప్పిస్తారు. నలుపు కొంచెం ఎక్కువైతే పసుపుతో కలిసి రంగు ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. దాన్ని మళ్లీ వెనక్కి తేవడానికి ఎరుపు వేయాలి, అప్పుడు మొత్తం మసకబారుతుంది. చేయి తిరిగినవారు నలుపును నేరుగా వేయరు, ముందు తెలుపులో కలిపి పలచన చేసి అప్పుడు వాడతారు. కలిపిన రంగును కుంచెతో రాసి చూడటం కూడా తప్పే. స్ప్రే ఎలా కొడతారో అలాగే అట్టముక్క మీద కొట్టి, పూర్తిగా ఆరాక, అసలు వస్తువుకు ఆనించి ఒకే తలంలో పట్టుకుని చూడాలి. ఎనామిల్ తడిగా ఉన్నప్పటికన్నా ఆరాక కాస్త ముదురుతుంది. మెరుపు రంగుల్లో తడిగా కొడితే ముదురుగా, పొడిగా కొడితే లేతగా వస్తుంది. ఒకే డబ్బాలోని రంగు ఇద్దరి చేతుల్లో రెండు రంగులుగా కనిపించేది ఇందువల్లే.

ఇంకో సంగతి చాలామంది మరచిపోతారు. ఫ్రిజ్ కొన్నప్పటి తెలుపుకు కాదు, ఇవాళ్టి తెలుపుకు రంగు కలపాలి. ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేసిన పాత పిడులు, మూతలు అతినీలలోహిత కిరణాలకు, వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కు పసుపెక్కుతాయి. మంట అంటుకోకుండా బ్రోమిన్ సమ్మేళనాలు కలిపిన ప్లాస్టిక్‌లో ఇది మరీ ఎక్కువ. కంపెనీ నంబరు దొరికినా ఆ రంగు పాత వస్తువు మీద కొత్త అతుకులా కనబడుతుంది. నాణ్యమైన పని కోరేవారు నమూనాగా బయటి వెలుతురు తగలని లోపలి అంచును కాదు, నిత్యం కంటికి కనిపించే ముఖభాగాన్నే ఇవ్వాలి.

కొబ్బరి చెట్ల కింద వెలుతురు

ఒక దీపం కింద ఒకేలా కనిపించిన రెండు రంగులు మరో దీపం కింద విడిపోతాయి. దీన్ని మెటామెరిజం అంటారు. రెండు పూతల్లో వాడిన రంగుపొడులు వేరైతే, ఏదో ఒక వెలుతురులో మాత్రమే అవి కలుస్తాయి. కొలత ప్రపంచంలో దీనికోసం ప్రామాణిక వెలుతుర్లు ఉన్నాయి. డీ65 అంటే పగటి వెలుతురు, ఏ అంటే పాత ఫిలమెంటు బల్బు. 2015లో కేంద్రం మొదలుపెట్టిన ఉజాలా పథకం తరవాత ఇళ్లలో ఫిలమెంటు బల్బులు పోయి ఎల్‌ఈడీలు వచ్చాయి. వాటిలో కూడా తెల్లనివి, పసుపు ఛాయవి రెండు రకాలు. దుకాణం ట్యూబులైటు కింద ఒప్పుకున్న రంగు ఇంట్లో తేలిపోతే తప్పు పెయింటరుదే కానక్కర్లేదు.

కోనసీమలో ఇంకో మెలిక ఉంది. ఇంటి చుట్టూ కొబ్బరి తోట ఉన్నచోట కిటికీలోంచి వచ్చే పగటి వెలుతురు ఆకుల మీద పడి, వాటిలోంచి వడకట్టుకుని వస్తుంది. అందులో పచ్చ ఛాయ కలుస్తుంది. నడివీధిలో ఎండలో కలిపిన ఐవరీ ఆ గదిలో ఇంకో రకంగా కనబడుతుంది. కాబట్టి రంగు వేసిన అట్టముక్కను ఇంటికి తీసుకువెళ్లి, వస్తువు ఉండే చోటే పగలు ఒకసారి, దీపం వేసి ఒకసారి చూడాలి. ఒక్క పూట ఆలస్యమైనా ఈ పరీక్ష తప్పించుకోకూడదు.

కొబ్బరినూనెకూ తెల్ల ఎనామిల్‌కూ ఉన్న చుట్టరికం

అంబాజీపేట మార్కెట్టుకు పేరు తెచ్చిన కొబ్బరికీ, ఫ్రిజ్ తెలుపుకూ సంబంధం ఉందంటే నమ్మడం కష్టం. అవిసెనూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టి పొరగా మారుతుంది కాబట్టి పెయింట్లలో శతాబ్దాలుగా వాడుతున్నారు. కొబ్బరినూనెకు ఆ శక్తి లేదు. నూనె ఆరే గుణాన్ని సూచించే అయొడిన్ విలువ అవిసెనూనెకు 170 పైనే, కొబ్బరినూనెకు 10 దగ్గరే. కొబ్బరినూనె రాసిన చెక్క ఎన్నాళ్లున్నా జిడ్డుగానే ఉంటుంది. కానీ ఆక్సిజన్‌తో కలవడానికి కారణమైన ఆ అసంతృప్త బంధాలే పూత పసుపెక్కడానికీ కారణం. కొబ్బరినూనెలో అవి లేనట్టే కాబట్టి దానితో చేసిన ఆల్కిడ్ రెజిన్ తెలుపును తెలుపుగా ఉంచుతుంది. దాన్ని అమైనో రెజిన్‌తో కలిపి, ఓవెన్‌లో వేడిచేసి గట్టిపరిచే తెల్ల ఎనామిళ్లలో వాడారు. ఫ్రిజ్ వంటి తెల్ల సామాను పూతలకు అవి పేరుపొందాయి. నైట్రోసెల్యులోజ్ లాకర్లలోనూ ఇదే రెజిన్ మెత్తదనం ఇచ్చే సరుకు. ఇప్పుడు పౌడర్ కోటింగు, ముందే రంగు వేసిన పాలియెస్టర్ రేకు వచ్చి ఆ చోటు చాలామటుకు ఆక్రమించాయి.

ఈ రసాయనశాస్త్రం పనిలో ఎక్కడ తగులుతుందంటే, హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే గాలికి ఆరే తెల్ల ఎనామిల్ అవిసె, సోయా వంటి నూనెల ఆల్కిడ్. వెలుతురు తక్కువ ఉన్న మూలల్లో అది ఇంకా తొందరగా పసుపెక్కుతుంది. ఫ్రిజ్ పక్కన దాన్ని కొడితే మొదటి వారం అద్భుతంగా కలిసి, కొన్ని నెలలకు తేడా చూపిస్తుంది. తెలుపు, లేత బూడిద, ఐవరీలకు అక్రిలిక్ స్ప్రేయే మేలు.

ఇదే కొబ్బరినూనె పూతకు శత్రువు కూడా. తలకు నూనె రాసుకున్న చేత్తో ముట్టుకున్న ముక్క మీద రంగు పట్టదు, పట్టినా పెచ్చు లేస్తుంది. టిన్నరుతో తుడిచాక ముక్కను వేళ్లతో తాకకూడదని పెయింటర్లు పట్టుబట్టేది అందుకే.

స్ప్రే డబ్బా

ఒత్తిడి గల డబ్బాలోంచి తుంపర చిమ్మే ఆలోచనను 1920ల చివర్లో నార్వే ఇంజినీరు ఎరిక్ రోథైమ్ పేటెంటు చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకు దోమల మందు డబ్బాలుగా అది విస్తరించింది. 1949లో ఇల్లినాయిస్ రాష్ట్రంలోని సైకమోర్ పట్టణంలో ఎడ్వర్డ్ సేమోర్ అల్యూమినియం రంగు పెయింటును డబ్బాలోకి ఎక్కించాడు. ఇది ఆయన భార్య ఇచ్చిన సలహా అంటారు. మొదట రేడియేటర్లకు పూయడానికి చేసిందే కాబట్టి, ఈ డబ్బా పుట్టుకే ఇంటి సామాను కోసమని చెప్పుకోవచ్చు. చిమ్మే వాయువుగా అప్పట్లో వాడిన సీఎఫ్‌సీలు ఓజోన్ పొరను తింటున్నాయని 1974లో శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది, 1992లో భారత్ అందులో చేరింది. ఇప్పుడు డబ్బాల్లో ఉండేది ఎల్‌పీజీ లేదా డైమిథైల్ ఈథర్. రెండూ మండేవే.

దుకాణంలో దొరికే డబ్బా ఎక్కువగా 400 మి.లీ. లోపల ఒక గోలీ ఉంటుంది, ఊపినప్పుడు అడుగున పేరుకున్న రంగును అదే కలుపుతుంది. గోలీ శబ్దం మొదలయ్యాక ఇంకో నిమిషమైనా ఊపాలి. కోరిన రంగు నింపుకునే డబ్బాలు వేరు. వాటిలో వాయువు, ద్రావకం ముందే ఉంటాయి. కలిపించిన ఆటో పెయింటు సుమారు 100 మి.లీ.ను చిన్న యంత్రంతో వాల్వు గుండా లోపలికి నెడతారు. పెద్ద ఊళ్లలోని ఆటో పెయింటు దుకాణాలు ఈ పని చేస్తాయి. గోడకు వాడే నీటి ఎమల్షన్‌ను ఇందులో నింపితే ముక్కు మూసుకుపోతుంది, అది ఈ డబ్బాకు సంబంధించిన సరుకే కాదు.

అమలాపురం వంటి చోట్ల ఎక్కువగా జరిగేది మరోటి. 216వ జాతీయ రహదారి పక్కన ఉండే కారు పెయింటు షెడ్లలో కంప్రెసరు, గన్ను ఎలాగూ ఉంటాయి. చిన్న ముక్కకోసం గన్ను కడిగి రంగు నింపడం పెయింటరుకు గిట్టదు. కాబట్టి తెల్ల కారు పని తగిలినప్పుడు దాని పక్కన పిడినో మూతనో వేలాడదీసి కొట్టేస్తారు. పది రోజులు ఓపిక పట్టగలిగితే ఇంతకన్నా చవకైన, మేలైన దారి లేదు. గన్నుతో కొట్టిన పూత డబ్బా పూత కన్నా మందంగా, సమంగా ఉంటుంది. షెడ్లలో దీన్ని ఇప్పటికీ ‘డ్యూకో’ అంటారు. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ 1920ల మొదట్లో తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లాకరు పేరు అది. కారు పెయింటు ఆరడానికి పట్టే వారాలను గంటలకు దించిన సరుకు కావడంతో, సరుకు పేరే పని పేరైపోయింది.

ముక్కను సిద్ధం చేయడం

పనిలో ముప్పావు వంతు రంగుకు ముందే అయిపోవాలి. తుప్పును వాటర్ పేపరుతో, మొండి తుప్పును వైరు బ్రష్‌తో తీసి, మంచినీళ్లతో కడగాలి. తీర గ్రామాల్లో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. దానితో కడిగితే ఉప్పు రంధ్రాల్లో మిగిలిపోయి, పూత కిందికి నీటిని లాగి బొబ్బలు పుట్టిస్తుంది. తాగే నీళ్లు వాడటం వృథా అనిపించినా తప్పదు. ఆరాక టిన్నరుతో తుడిచి ప్రైమరు, ఆరాక 400 నంబరు పేపరుతో తేలికగా రుద్ది, ఆ తరవాత రంగు.

ఏ వస్తువుకు ఏ ప్రైమరు అన్నది ఎక్కువమంది పట్టించుకోరు. ఇనుముకు రెడ్ ఆక్సైడు సరిపోతుంది. జీఐ, అంటే జింకు పూత ఉన్న రేకు మీద మామూలు ఆల్కిడ్ ఎనామిల్ నేరుగా వేస్తే, జింకు లవణాలతో చర్య జరిగి రంగు అడుగున సబ్బులాంటి పొర ఏర్పడుతుంది. ఏడాదిలో పెచ్చులు రాలతాయి. దానికి ఎచ్ ప్రైమరు కావాలి. ప్లాస్టిక్‌లో ఏబీఎస్ మీద రంగు బాగా పడుతుంది. బకెట్లు, వాషింగ్ మెషీన్ టబ్బులు చేసే పాలీప్రొపిలీన్ మీద ఏ రంగూ అంటదు. ముక్క అడుగున త్రికోణంలో 5 అంకె కనబడితే అదే. దానికి ప్లాస్టిక్ ప్రైమరు, అంటే అతుకు పెంచే ద్రవం ముందు పూయాలి. లేదంటే ఆ పని వదిలేయడం మంచిది.

స్ప్రే కొట్టే దూరం 20 నుంచి 30 సెం.మీ. దగ్గరైతే కారిపోతుంది, దూరమైతే గరుకుపొడిలా కూర్చుంటుంది. చేయి ముక్కకు ముందే కదలడం మొదలై ముక్క దాటాక ఆగాలి. ఒక్కసారి ముదురుగా కాక, మూడు పలచని కోట్లు, కోటుకు కోటుకు మధ్య పది నిమిషాలు.

తేమ

వేగంగా ఆరే లాకరులోని ద్రావకం ఆవిరైపోతూ ముక్కను చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లటి ఉపరితలం మీద నీటి ఆవిరి పేరుకుని, పూత మజ్జిగ చల్లినట్టు తెల్లబారుతుంది. తేమ 85 శాతం దాటితే పని ఆపాలని, ముక్క ఉష్ణోగ్రత మంచు పట్టే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలని పరిశ్రమల్లో పాటించే నియమం. నైరుతి వానల రోజుల్లో, అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో కోనసీమ గాలి ఈ హద్దును తరచూ దాటుతుంది. 1996 నవంబరు 6న కోనసీమను తుడిచిపెట్టిన తుపాను ఈ కాలానిదే. శీతకాలంలో తెల్లవారుజామున మంచు పడుతుంది, పొద్దెక్కేదాకా ఇనుము మీద తడి పోదు. సాయంత్రం సముద్రపు గాలి ఉప్పు తెస్తుంది, దీపానికి పురుగులు వస్తాయి, అవి తడి రంగు మీదే వాలతాయి. అన్నీ తీసేస్తే మిగిలేవి సంక్రాంతి నుంచి మార్చి దాకా, పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు లోపు గంటలు. కొబ్బరి పీచు తీసే చోటికి దగ్గరైతే అదీ నమ్మకం లేదు, గాలిలో తేలే నూగు తడి పూత మీద పడుతుంది.

తెల్లబారిన పూతను పారేయనక్కర్లేదు. నెమ్మదిగా ఆరే రిటార్డర్ టిన్నరును పలచగా పైన చిమ్మితే పూత మళ్లీ కరిగి, తేమ బయటికి పోయి, మెరుపు తిరిగొస్తుంది. ఎండ బాగా ఉన్నరోజు చూసుకుని చేయాలి.

ఏ ముక్కకు కుదురుతుంది

ఫ్యాను రెక్కలు ఈ పనికి బాగా లొంగుతాయి. 1200 మి.మీ. ఫ్యానులో ఒక రెక్క సుమారు 50 సెం.మీ. పొడవు, 13 సెం.మీ. వెడల్పు అనుకుంటే మూడు రెక్కలకు రెండు వైపులా కలిపి 0.4 చదరపు మీటరు కూడా రాదు. మూడు కోట్లకు 400 మి.లీ. డబ్బా ఒకటి సరిపోతుంది. ఒక్క రెక్కకే రంగు వేయిస్తే మాత్రం బరువు తేడా వచ్చి ఫ్యాను ఊగవచ్చు. రంగు కుదరకపోవడం కన్నా అదే పెద్ద తలనొప్పి. మూడింటికీ వేస్తే రంగు కలపాల్సిన అవసరమే ఉండదు, మోటారు గిన్నెకు దగ్గరగా ఉంటే చాలు.

కరెంటు స్విచ్చుల మీద స్ప్రే కొట్టకూడదు. తుంపర లోపలి కాంటాక్టుల్లోకి పోతుంది. పైపలకను విప్పి తీసి విడిగా కొట్టుకోవచ్చు గానీ, కొత్త పలకకయ్యే ఖర్చు అంతకన్నా తక్కువే. గ్యాస్ పొయ్యి మీది గిన్నె ఆనే కడ్డీలకు మామూలు అక్రిలిక్ నిలవదు, 100 డిగ్రీలు దాటగానే మాడుతుంది. సిలికోన్ రెజిన్‌తో చేసిన వేడి తట్టుకునే స్ప్రేలు ఉన్నాయి, అవి నలుపు, వెండి వంటి కొద్ది రంగుల్లోనే వస్తాయి. తలుపు బందులు, గడియలు వంటి రాపిడి పడే భాగాలకు రంగు కలిపించడం డబ్బు దండగ. ఇనుము ఇనుముతో రాసుకునే చోట ఏ పూతా నెల రోజులు ఉండదు. పాత మండువా ఇళ్లలోని ఇత్తడి గొళ్లాలకు, ఉయ్యాల గొలుసులకు బంగారు స్ప్రే కొట్టించేవారూ ఉన్నారు. చింతపండుతో తోమితే మెరిసే ఇత్తడిని రంగు కింద దాచడం ఎందుకో వారే చెప్పాలి.

పట్టు పరీక్షించడానికి సులభమైన దారి ఉంది. కనబడని చోట బ్లేడుతో చిన్న గళ్లు గీసి, గట్టి టేపు అంటించి లాగాలి. గళ్లు గళ్లుగా ఊడివస్తే కింద తయారీ సరిగా లేదని అర్థం. పరిశ్రమల్లో ఇదే పరీక్షకు ప్రామాణిక పద్ధతి, మార్కులు ఉన్నాయి.

ప్రమాదం, చట్టం

గ్యాసుతో వచ్చే ముప్పు ఈ జిల్లావారికి ఎవరూ నేర్పక్కర్లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి బ్లోఅవుట్, 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలుడు ఇక్కడివారు చూసినవే. స్ప్రే డబ్బాలో ఉండేది అదే జాతి వాయువు, చిన్న మోతాదులో. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు కాబట్టి నేల మీద పరుచుకుంటుంది. పొయ్యి వెలుగుతున్న వంటింటి పక్క వసారాలో స్ప్రే కొట్టడం పొరపాటు. డబ్బాను 50 డిగ్రీలు దాటనీయవద్దని దాని మీదే రాసి ఉంటుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల ఆ వేడి సులభంగా వస్తుంది. ఖాళీ డబ్బాను కొబ్బరి మట్టలతో పాటు పెరట్లో తగలబెట్టే కుప్పలో వేస్తే పేలుతుంది. విమానంలో స్ప్రే పెయింటు చేతిసంచిలోనే కాదు, లగేజీలోనూ నిషిద్ధం. గల్ఫ్ నుంచి వచ్చేవారిని అక్కడి షేడ్ తెమ్మని అడగడం వృథా.

ముక్కుకు కట్టుకున్న తువ్వాలు తుంపరను కొంత ఆపుతుంది, ద్రావకపు ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. రెండు భాగాలు కలిపే 2కే పూతల్లోని ఐసోసయనేట్లు ఒకసారి ఊపిరితిత్తులకు పడకపోతే జీవితాంతం పడవు. వాటిని ఇంట్లో వాడకూడదు, షెడ్లోనే కొట్టించాలి.

గృహ, అలంకరణ పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదని కేంద్రం 2016లో చేసిన నియమాలు 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్నాయి. కారు పెయింట్లు ఈ నియమాల పరిధిలోకి రావు. ముదురు పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో సీసపు క్రోమేటు ఉండే అవకాశం ఉంది. కారు రంగును ఇంటి సామానుకు వాడటమే ఈ పని ఆయువుపట్టు కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి. పిల్లల ఉయ్యాల, బొమ్మలు, చెంచాలు, గిన్నెల అంచులకు ఆ రంగు వద్దు. వాటికి ఇంటి పెయింటునే ఎంచుకోవాలి, రంగు కాస్త తేడా వచ్చినా సరే.

మిగిలిన రంగు

చిన్న ముక్కకు 100 మి.లీ. కలిపిస్తే సగం మిగులుతుంది. గాలి తగలకుండా గాజు సీసాలో నిండుగా పోసి, మీద సూత్రం, తేదీ, ఏ వస్తువు కోసమో రాసి ఉంచితే ఏడాదికి పైగా పనికొస్తుంది. డబ్బాలో మిగిలితే తలకిందులుగా పట్టి, ముక్కులోంచి రంగు లేని గాలి వచ్చేదాకా నొక్కి శుభ్రం చేయాలి. యంత్రంతో కలిపించినవారు సూత్రపు చీటీ అడిగి తీసుకోవాలి. మళ్లీ కలిపించేటప్పుడు పాత చీటీ ఇచ్చి, ఏడాది గడిచిన పూత ముక్కను కూడా చూపించాలి. ఈ లోపు ఫ్రిజ్ ఇంకొంచెం పసుపెక్కి ఉంటుంది, ఆ మేరకు సూత్రాన్ని సవరించమని చెప్పుకోవచ్చు.